ప్రాథమిక పఠన బోధన, విద్యలో సమన్యాయం

బడిలో చదవడం, రాయడం నేర్పే పద్ధతుల గురించి, ఆ నేర్పు ప్రతి బిడ్డకూ అందేలా చూసే ప్రయత్నాల గురించి చాలాకాలం వేరువేరుగా ఆలోచించారు. మొదటిది బోధనాశాస్త్రం పని, రెండోది ప్రభుత్వం పని అనుకున్నారు. నేడు ఆ రెండింటినీ ఒకే రంగంగా చూస్తున్నారు. మాట నలుగురి మధ్య పెరుగుతుంటే వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. బడి వదిలేసిన భాగాన్ని చదువుకున్న తల్లిదండ్రులు సాయంత్రం ఇంట్లో పూర్తిచేస్తారు, లేదంటే ట్యూషన్‌కు పంపుతారు. చీకటి పడేదాకా కూలిపనిలో ఉండే తల్లిదండ్రులకు ఆ వీలు ఉండదు. కాబట్టి బోధనలో మిగిలిపోయిన ప్రతి ఖాళీ పేదింటి బిడ్డ దగ్గరే ఖాళీగా ఉండిపోతుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాథమిక పాఠశాలల అనుభవం ఆధారంగా ఈ రంగాన్ని పరిచయం చేస్తుంది.

నిర్వచనాలు

ఏడేళ్ళు, ఆపైన వయసున్నవారు ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే భారత జనగణన వారిని అక్షరాస్యులుగా లెక్కిస్తుంది. 2011లో దేశంలో అక్షరాస్యత సుమారు 73 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 67 శాతం దగ్గర ఉంది. పురుషుల్లో సుమారు 75 శాతం, స్త్రీలలో 59 శాతం. లెక్కలు రాసేవారు ఎవరినీ చదివించి చూడరు, ఇంటివారు చెప్పిందే రాసుకుంటారు. బడి చదువు ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే ఈ అంకె చాలదు.

అందుకే మరికొన్ని భావనలు వాడుకలోకి వచ్చాయి. పదేళ్ళ వయసుకు సులభమైన కథనాన్ని చదివి అర్థం చేసుకోలేకపోవడాన్ని ప్రపంచ బ్యాంకు 2019 నుంచి ‘అభ్యసన పేదరికం’ పేరుతో కొలుస్తోంది. భారత ప్రభుత్వం 2020 జూలైలో ఆమోదించిన జాతీయ విద్యావిధానం ‘పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం’ అన్న మాటను ముందుకు తెచ్చింది. ప్రాథమిక స్థాయి బడుల్లో ఉంటూనే ఈ పునాది లేని పిల్లలు 5 కోట్లకు పైగా ఉన్నారని ఆ పత్రమే ఒప్పుకుంది. ఇది బడిలో పేరు లేని పిల్లల లెక్క కాదు, రోజూ హాజరు పలుకుతున్న పిల్లల లెక్క.

చదవడం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ 1986లో ఇచ్చిన జవాబు నేటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. లిపిని విప్పి పలకగలగడం ఒకటి, ఆ పలికిన భాష అర్థం కావడం మరొకటి. ఈ రెండింటి గుణకారమే పఠనం అన్నారు వారు. గుణకారం కాబట్టి, ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నాయే. అక్షరాలు రాని బిడ్డ చదవలేదు. అక్షరాలు వచ్చినా ఆ భాష తెలియని బిడ్డ కూడా చదవలేదు.

సమానత్వం, సమన్యాయం అన్న మాటలను కూడా విడిగా చూడాలి. అందరికీ ఒకే వాచకం, ఒకే పీరియడు, ఒకే పరీక్ష ఇవ్వడం సమానత్వం. వెనుకబడిన బిడ్డకు ఇంకొంత సమయం, ఇంకొంత సాయం, తనకు తెలిసిన భాషలో ఒక మాట ఇవ్వడం సమన్యాయం. పఠన బోధనకు కావలసింది రెండోది.

చారిత్రక నేపథ్యం

ఈ రంగంలోని రెండు ప్రధాన సమస్యలూ ఒకే పాత పత్రంలో కనిపిస్తాయి. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యపై జిల్లాల కలెక్టర్లను వివరాలు అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన అధికారి ఆయన. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో తెలుగు బడులు 226 అని ఆయన లెక్క తేల్చాడు. అన్ని బడుల్లోనూ కలిపి చదువుతున్నవారు 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60 మంది.

పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారని, ముందు నేర్చిన పిల్లలు వెనుక వచ్చినవారికి చెప్పేవారని ఆయన రాశాడు. వీధిబడి అనగానే మన పెద్దలకు గుర్తొచ్చే దృశ్యం ఇదే. అయితే పుస్తకాలు పద్యాల్లో, మాట్లాడే భాషకు వేరైన భాషలో ఉన్నందువల్ల పిల్లలు వాటిని గడగడా పలుకుతారే గానీ అర్థం చేసుకోలేరని ఆయన గుర్తించాడు. జనం పేదరికంలోకి జారుతున్నందువల్ల, కాళ్ళూ చేతులూ ఆడే వయసు రాగానే తల్లిదండ్రులు పిల్లలను బడి మాన్పించి పనిలో పెడుతున్నారని కూడా నమోదు చేశాడు. అర్థం లేని చదువు ఒకటి, పేదరికం లాగేసుకున్న చదువు ఒకటి. రెండు వందల ఏళ్ళుగా తెలుగు బడి ఈ రెండింటితోనే పెనుగులాడుతోంది.

1832లో పుదూరు చదలువాడ సీతారామశాస్త్రి రచించిన ‘బాలశిక్ష’ అచ్చు వాచకాల పరంపరకు దారి వేసింది. తర్వాతి కాలంలో అది ‘పెద్దబాలశిక్ష’గా పెరిగి తెలుగిళ్ళలో స్థిరపడింది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ దళిత పిల్లల కోసం బడులు నడిపారు. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుస్తకాన్ని ఊళ్ళలోకి తీసుకువెళ్ళే ఉద్యమానికి ఊపిరినిచ్చాయి.

క్యాంప్‌బెల్ చూసిన మొదటి సమస్యను ఉద్యమంగా మార్చినవారు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). పిల్లలు మాట్లాడే భాష ఒకటి, పుస్తకంలో ఉన్న భాష మరొకటి ఎందుకన్న ప్రశ్నను 20వ శతాబ్ది తొలి దశకంలో పాఠశాలల పర్యవేక్షకుడు జె. ఏ. యేట్స్ లేవనెత్తినప్పుడు గిడుగు, గురజాడ దానిని అందిపుచ్చుకున్నారు. వ్యావహారిక భాషోద్యమాన్ని సాధారణంగా సాహిత్య చరిత్రలో చదువుకుంటాం. దాని మూలం మాత్రం తరగతి గదిలో ఉంది. గ్రాంథికంలో చదవడం నేర్వాలంటే ముందు గ్రాంథికం నేర్వాలి, అది కొన్ని ఇళ్ళకే సాధ్యమైన పని. గిడుగు అంతటితో ఆగలేదు. పర్లాకిమిడి ప్రాంతంలో సవర భాషను తానే నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. తెలుగు పిల్లలకు ఏ న్యాయం కోరారో సవర పిల్లలకూ అదే కోరారు.

తెలుగు లిపి, పఠన బోధన

తెలుగు లిపిలో పలికినదే రాస్తాం కాబట్టి చదవడం తేలిక అనే నమ్మకం ఉంది. అందులో సగమే నిజం. అక్షరానికీ ధ్వనికీ సంబంధం నమ్మకమైనదే, కానీ నేర్వవలసిన రూపాలు చాలా ఎక్కువ. వర్ణమాలలో 56 అక్షరాలని సంప్రదాయంగా చెబుతాం. ముప్ఫై పైచిలుకు హల్లులకు గుణింత రూపాలు కలిపితే సంఖ్య నాలుగు వందలు దాటుతుంది. ఒత్తులు చేరితే ఇంకా పెరుగుతుంది.

రూపాల్లోనూ చిక్కులున్నాయి. ప–వ, మ–య, బ–భ వంటి జంటలు చిన్న గీతతో, చిన్న తోకతో మాత్రమే వేరవుతాయి. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక తక్కువ. రాసే వరుసా పలికే వరుసా అన్నిచోట్లా ఒకటి కాదు. ‘శక్తి’ అన్న మాటలో పలుకు క, త, ఇ అనే వరుసలో సాగుతుంది. రాతలో మాత్రం గుడి ‘క’ మీద కూర్చుంటుంది, ‘త’ కిందికి దిగుతుంది. పెద్దలకు ఇది కంటికి ఆనదు. ఆరేళ్ళ బిడ్డకు మాత్రం ఎవరైనా చూపి చెప్పవలసిన విషయం. ‘రాష్ట్రం’, ‘స్వాతంత్ర్యం’ వంటి మాటలు ఇంకా బరువైనవి, అయినా పాఠ్యపుస్తకంలో త్వరగానే ఎదురవుతాయి.

తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపిపై సోనాలీ నాగ్ చేసిన పరిశోధన (2007) ప్రకారం, పిల్లలకు అక్షరాల మీద పూర్తి పట్టు రావడానికి ఒకటి రెండు సంవత్సరాలు చాలవు, ప్రాథమిక తరగతుల్లో అనేక ఏళ్ళు పడుతుంది. కర్ణాటకలోని యాద్‌గిర్‌లో, మహారాష్ట్రలో కొన్నేళ్ళపాటు సాగిన మరో అధ్యయనం తరగతి గదుల్లో పాఠం అక్షరాల చుట్టూనే తిరుగుతోందని, అర్థానికీ సొంత రాతకూ చోటు తక్కువని చూపింది. యాద్‌గిర్ తెలంగాణను ఆనుకుని ఉన్న జిల్లా. ఆ బడుల స్థితి మన పల్లె బడులకు దూరమైనదేమీ కాదు.

ఆచరణలో మూడు దారులు కనిపిస్తాయి. ‘అ ఆ’లతో మొదలై గుణింతాలు, ఒత్తులు వరుసగా దిద్దించేది పాత దారి. గేయంతోనో కథతోనో మొదలుపెట్టి, అందులోని మాటలను, ఆ మాటల్లోని అక్షరాలను విడదీసి చూపేది రెండోది. పోలికలున్న తేలిక అక్షరాలు కొన్నింటిని ముందు నేర్పి, వెంటనే ‘వల, తల, అల’ వంటి మాటలు చదివించేది మూడోది. అక్షరాలను క్రమపద్ధతిలో నేర్పడమూ అర్థంతో చదివించడమూ రెండూ కావాలన్నదే నేటి పరిశోధనల సారం. ఒకదాన్ని వదిలి ఒకదాన్ని పట్టుకున్న బడిలో చదువుకున్న ఇంటి పిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు. మిగిలినవారు ఆగిపోతారు.

అందరూ కలిసి గొంతెత్తి చదవడం మన బడుల్లో పాత అలవాటు. పద్యానికీ పాటకూ అది చక్కగా పనిచేస్తుంది. చదువు వచ్చిందా లేదా తెలుసుకోవడానికి పనికిరాదు. నలభై గొంతుల మధ్య, అక్షరం రాని బిడ్డ కూడా పక్కవారిని విని పలికేస్తుంది. వెనుక వరుసలో పెదవి కదుపుతున్న బిడ్డకు చదువు రాలేదన్న సంగతి మూడో తరగతిలోనో ఐదో తరగతిలోనో బయటపడుతుంది.

ఇంటి భాష, బడి భాష

ఒకే తెలుగులో ఎన్నో తెలుగులున్నాయి. కోస్తాలో ఆనపకాయ అయినది రాయలసీమలో సొరకాయ, తెలంగాణలో కొన్నిచోట్ల అనిగెపుకాయ. వేరుశనగ ఒకచోట పల్లీలు, ఒకచోట చెనిక్కాయలు. వాచకంలో ఏ ప్రాంతపు మాట ఉంటే ఆ ప్రాంతపు పిల్లలకు అక్కడ ఒక మెట్టు తగ్గుతుంది. బిడ్డ తన ఇంటి మాట పలికినప్పుడు తప్పని దిద్దితే నోరు మూతపడుతుంది. ‘మీ ఇంట్లో అలా అంటారు, పుస్తకంలో ఇలా ఉంది’ అని రెంటినీ పక్కపక్కన పెడితే భాష పెరుగుతుంది. గిడుగు వాదం గ్రాంథికం మీద గెలిచింది, మాండలికాల విషయంలో ఆ పని ఇంకా మిగిలే ఉంది.

ఆదివాసీ పిల్లల సమస్య ఇంకా లోతైనది. వారికి తెలుగే కొత్త భాష. కుమ్రం భీము నాయకత్వంలో గోండుల తిరుగుబాటు అణచివేత (1940) తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను ఆదిలాబాదుకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు విద్యాపథకం మొదలైంది. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి ఉపాధ్యాయులను చేశారు, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేశారు.

ఆరు దశాబ్దాల తర్వాత, 2003–04లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషల్లో మాతృభాషాధారిత బహుభాషా విద్యను ప్రారంభించింది. సవర, కువి, కోయ, గోండీ, కొలామీ, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. పిల్లలు ముందు తమ భాషలో చదవడం నేర్చి క్రమంగా తెలుగులోకి, ఆపైన ఇంగ్లీషులోకి రావాలన్నది ఆలోచన. తర్వాత ఒడిశా ఇదే బాట పట్టింది. ఇలాంటి కార్యక్రమాలకు ప్రాణం ఆ భాష మాట్లాడే ఉపాధ్యాయుడే. పుస్తకం కోయలో ఉండి మాస్టారికి కోయ రాకపోతే ఆ పుస్తకం అలమరలోనే ఉండిపోతుంది.

ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన కల్పించాలని 1956లో చేరిన రాజ్యాంగ అధికరణం 350–ఎ చెబుతోంది. తెలుగువారు ఇతర రాష్ట్రాల్లో ఈ హక్కును కోరేవారుగా, సొంత రాష్ట్రాల్లో దానిని ఇవ్వవలసినవారుగా ఉన్నారు. తమిళనాడులో 2006 నాటి తమిళ బోధన చట్టం వచ్చాక హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు మాధ్యమ బడుల భవిష్యత్తు మీద చాలా ఆందోళన సాగింది. అదే సమయంలో తెలంగాణ ఇటుక బట్టీల్లో ఒడియా కూలీల పిల్లలు తెలుగు బడి గడప దగ్గర భాష తెలియక నిలబడ్డారు. వారికోసం ఒడియా పుస్తకాలతో పని ప్రదేశాల్లో బడులు నడిపిన అనుభవమూ ఉంది. రెండుచోట్లా సూత్రం ఒక్కటే.

అసమానతకు మూలాలు

బడిలో చేరేనాటికే పిల్లల మధ్య తేడా ఉంటుంది. ఒక ఇంట్లో పత్రిక, బొమ్మల పుస్తకం, కథ చదివి వినిపించే అమ్మమ్మ ఉంటారు. మరో ఇంట్లో అచ్చు అక్షరం సబ్బు కాగితం మీద తప్ప కనబడదు. ఈ తేడా ఏటా పెరిగే తీరును కెనడా పరిశోధకుడు కీత్ స్టానోవిచ్ 1986లో వివరించాడు. చదవగలిగిన బిడ్డ ఎక్కువ చదువుతుంది, దానివల్ల మాటలూ జ్ఞానమూ పెరుగుతాయి, చదవడం ఇంకా తేలికవుతుంది. చదవలేని బిడ్డకు ఇదంతా తిరగబడి జరుగుతుంది. మూడో తరగతి తర్వాత సామాన్యశాస్త్రం, పరిసరాల పాఠం, లెక్కల్లోని పద సమస్యలు అన్నీ చదవడం మీదే ఆధారపడతాయి. అక్కడ వెనుకబడిన బిడ్డ అన్నిట్లోనూ వెనుకబడుతుంది.

బడి వైపు కారణాలు కూడా స్పష్టమైనవే. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒక్క మనిషి ఐదు తరగతులు చూడాలి. ఆ మనిషే మధ్యాహ్న భోజనం లెక్కలు రాయాలి, ఎన్నికల విధులకు వెళ్ళాలి, ఫోన్‌లో హాజరు, ఫొటోలు ఎక్కించాలి. పంట కోతలకు, వలసలకు పిల్లలు వారాల తరబడి బడికి దూరమవుతారు. పాలమూరు వంటి జిల్లాల్లో ఇది తరాల అనుభవం. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే మానేసేది తరచుగా ఆడపిల్లే. ఏ బిడ్డను ముందు వరుసలో కూర్చోబెడతారు, ఎవరిని చదవమని లేపుతారు అన్న చిన్న విషయాల్లో కులం ఇంకా పనిచేసే చోట్లున్నాయి.

ఈ దూరాన్ని తగ్గించిన చర్యలూ ఉన్నాయి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల విద్య గ్రామీణ పేద పిల్లలకు ఉన్నత చదువుల బాట వేసింది. 1991 నుంచి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను పని మాన్పించి, శిబిరాల్లో వారధి చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. బడికి వెళ్ళని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న దాని సూత్రం దేశంలో చర్చను మార్చింది. సుప్రీంకోర్టు 2001 ఉత్తర్వు తర్వాత, 2003 జనవరి నుంచి రాష్ట్రంలో వండిన మధ్యాహ్న భోజనం అందుతోంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్యను హక్కుగా చేసి, ప్రాథమిక తరగతుల్లో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలంది. ఇవి పిల్లలను బడిలోకి తెచ్చాయి, నిలబెట్టాయి. ఆ తర్వాతి పని బోధనది.

బోధనా ప్రయోగాలు

1980లలో బ్రిటిష్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాధార బోధనను, జట్లలో కూర్చుని నేర్చుకోవడాన్ని మన బడులకు పరిచయం చేసింది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కాంప్లెక్స్ సమావేశాల్లో కలుసుకుని పాఠాల గురించి మాట్లాడుకునే అలవాటుకు అది తోడ్పడింది.

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో గ్రామీణ బడుల కోసం వై. ఏ. పద్మనాభరావు, రమ రూపొందించిన పద్ధతి దేశమంతా పాకింది. పాఠ్యపుస్తకాన్ని వందల కార్డులుగా విడదీశారు. కార్డు మీది గుర్తును బట్టి ఏ జట్టులో కూర్చోవాలో బిడ్డకే తెలుస్తుంది. గోడ మీది నిచ్చెన పటంలో తాను ఏ మెట్టు మీద ఉన్నదీ చూసుకుంటుంది. పది రోజులు బడికి రాకపోయినా, వచ్చిననాడు తాను ఆగిన మెట్టు నుంచే సాగుతుంది. తరగతి ముందుకు వెళ్ళిపోయిందన్న భయం ఉండదు. ఒకే మాస్టారు అనేక తరగతులు చూసే బడికి, వలస వెళ్ళే పిల్లలకు ఇది సరిగ్గా అతికే పద్ధతి. స్థానిక కథలూ పాటలూ అందులో భాగం. 1990లలో కర్ణాటకలోని ‘నలికలి’కి, తర్వాత తమిళనాడు కృత్యాధార బోధనకు ప్రేరణ ఇక్కడి నుంచే వెళ్ళింది.

మరొకటి ప్రథమ్ సంస్థ అభివృద్ధి చేసిన స్థాయికి తగ్గ బోధన. రోజులో కొంతసేపు తరగతులను పక్కనపెట్టి, పిల్లలను చదివే స్థాయిని బట్టి జట్లు చేస్తారు. అక్షరాల జట్టు, పదాల జట్టు, కథ జట్టు ఉంటాయి. స్థాయి మారగానే జట్టు మారుతుంది. 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఈ పద్ధతిని అనేక రాష్ట్రాల్లో పరీక్షించి, ఆ పనికి విడిగా సమయం కేటాయించినచోట మంచి ఫలితం వస్తోందని చూపారు. తెలంగాణ 2022లో పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం కోసం ‘తొలిమెట్టు’ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. 2021 జూలై 5న కేంద్రం ప్రారంభించిన ‘నిపుణ్ భారత్’, మూడో తరగతి చివరికి ప్రతి బిడ్డా నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలన్న లక్ష్యానికి 2026–27ను గడువుగా పెట్టుకుంది.

అర్థవంతమైన చదువు ఏం చేయగలదో చూపిన ఉదాహరణ వయోజన విద్య నుంచి ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం వాచకాల్లో సారా వల్ల చితికిన సంసారాల పాఠాలుండేవి. దూబగుంట వంటి పల్లెల స్త్రీలు ఆ పాఠంలో తమ బతుకు చూసుకుని సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్షరం తమదైనప్పుడు నేర్వడానికి వయసు అడ్డురాలేదు.

మాధ్యమంపై చర్చ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. తెలంగాణ 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టింది. రెండు రాష్ట్రాలూ ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు తెచ్చాయి. 2018లో తెలంగాణ అన్ని బడుల్లోనూ తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది.

ఈ చర్చలో రెండు న్యాయమైన వాదనలు ఎదురెదురుగా ఉన్నాయి. డబ్బున్నవారి పిల్లలు ఇంగ్లీషులో చదువుతుంటే పేదలకు మాత్రం మాతృభాష గొప్పదని చెప్పడం అన్యాయమని కంచ ఐలయ్య వంటి దళిత బహుజన మేధావులు అంటున్నారు. ఆ బాధలో నిజం ఉంది. తెలియని భాషలో చదవడం నేర్పితే అక్షరం వచ్చినా అర్థం రాదని, ఆ నష్టం ఇంట్లో ఇంగ్లీషు లేని పిల్లలకే ఎక్కువని విద్యావేత్తలు అంటున్నారు. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులోనూ ఉంది. ఒక భాషలో చదవడం గట్టిగా నేర్చిన బిడ్డ ఆ నేర్పును రెండో భాషలోకి తీసుకువెళ్తుందన్నది జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతూ వచ్చిన సూత్రం. పేదింటి బిడ్డకు ఇంగ్లీషు కావాలి, అది అందాలంటే ముందు తెలిసిన భాషలో చదవడం రావాలి. బడి పేరుపలక మీది మాధ్యమం కంటే తరగతిలో ఆ బిడ్డకు ఏం అర్థమవుతోందన్నదే అసలు ప్రశ్న.

ప్రైవేటు బడి గురించి కూడా మన నేల మీదే గట్టి ఆధారం దొరికింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో లాటరీ ద్వారా కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు ఇప్పించి నాలుగేళ్ళు గమనించారు. తెలుగు, లెక్కల్లో ఆ పిల్లలకూ ప్రభుత్వ బడి పిల్లలకూ తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి, ఒక్కో బిడ్డపై ప్రభుత్వం చేసే ఖర్చులో మూడో వంతు కంటే తక్కువతోనే ఆ ఫలితం తెచ్చాయి. రెండు వైపులా నేర్చుకోవలసింది ఉంది.

కొలత, దాని పరిమితులు

2005 నుంచి వెలువడుతున్న ‘అసర్’ నివేదిక గ్రామీణ భారతంలో ఇళ్ళకు వెళ్ళి పిల్లలను ఒక్కొక్కరినే చదివించి చూస్తుంది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ అనే నాలుగు మెట్లున్న ఒక్క కాగితమే దాని పనిముట్టు. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవారు దేశంలో 2018లో 27.3 శాతం. కరోనా కాలంలో బడులు మూతపడిన తర్వాత 2022లో అది 20.5 శాతానికి పడిపోయి, 2024లో మళ్ళీ 27.1 శాతానికి చేరింది. కోలుకున్నాం, కానీ నలుగురిలో ముగ్గురు పిల్లలు ఇంకా ఆ మెట్టుకు ఇవతలే ఉన్నారు.

కొలత ఒక్కటే బోధనను మార్చదు. పిల్లల బలాలు, లోపాలు వివరించే నివేదికలను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని బడుల ఉపాధ్యాయులకు ఇచ్చి మురళీధరన్, సుందరరామన్ పరిశీలించారు. నివేదికలు అందినా పిల్లల మార్కుల్లో మార్పు రాలేదు. లోపం తెలిసిన ఉపాధ్యాయుడికి దాన్ని సరిదిద్దే సమయం, సామగ్రి, ప్రోత్సాహం కూడా కావాలి. పట్టికలు నింపడానికే బోధన సమయం కరిగిపోతే కొలతే అడ్డంకిగా మారుతుంది.

ఇతర దేశాల అనుభవం

న్యూజిలాండులో మేరీ క్లే 1970లలో వెనుకబడిన ఆరేళ్ళ పిల్లలకు రోజూ అరగంట ఒక్కొక్కరికే చెప్పే పద్ధతిని రూపొందించింది. అందులో కొన్ని మెలకువలపై తర్వాత తీవ్ర విమర్శలు వచ్చినా, సాయం తొలి ఏడాదిలోనే అందాలన్న మూలసూత్రం నిలిచింది. బ్రెజిల్‌లో పౌలో ఫ్రెయిరె 1963లో అంజికోస్‌లో కూలీల బతుకులోని మాటలతోనే చదువు నేర్పాడు. అదే దేశంలో పేద రాష్ట్రమైన సెయరాలోని సొబ్రాల్ పట్టణం, చిన్న తరగతుల్లో చదవడాన్నే తొలి లక్ష్యంగా పెట్టుకుని, ప్రతి బిడ్డ చదువునూ తరచుగా విని చూస్తూ, 2010ల నడుమ దేశంలోనే మొదటి వరుసకు చేరింది. పన్నుల వాటాలో కొంత భాగాన్ని సెయరా రాష్ట్రం పురపాలికల విద్యా ఫలితాలతో ముడిపెట్టింది. పేదరికం అలాగే ఉండగానే చదువు మారవచ్చన్న భరోసా ఈ ఉదాహరణ ఇస్తుంది.

ఏకాభిప్రాయం ఉన్న అంశాలు

వివాదాలు ఎన్ని ఉన్నా కొన్ని విషయాల మీద పరిశోధకులూ అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులూ ఒక మాట మీద ఉన్నారు. అంగన్‌వాడీ దశ నుంచే కథలు, పాటలు, మాటల ఆటలు కావాలి. ఒకటి, రెండు తరగతులకు బడిలోని అత్యంత నేర్పరి ఉపాధ్యాయులను ఇవ్వాలి. లిపిని క్రమంగా, అర్థాన్ని రోజూ నేర్పాలి. ఇంటి మాటకు తరగతిలో గౌరవం ఉండాలి. పిల్లల స్థాయికి తగ్గ కథల పుస్తకాలు అలమరలో కాక చేతుల్లో ఉండాలి. వెనుకబడిన బిడ్డను ఏడాది చివర కాక మొదటి నెలల్లోనే గుర్తించి సాయం చేయాలి. ఇంటి పని మీద ఆధారపడకుండా, చదవడం నేర్పే పని బడి వేళల్లోనే పూర్తి కావాలి.

ఇవన్నీ కొత్త పథకాలు కోరేవి కావు. చట్టం చెప్పిన లెక్కనే తీసుకుంటే, 30 మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి చదువూ ఒక్కో నిమిషం వినడానికి అరగంట పడుతుంది. వారానికి ఒక్కసారి ఆ అరగంట దొరికితే, పక్కవారి గొంతు వెనుక దాక్కున్న బిడ్డ ఎవరో ఐదో తరగతిలో కాక ఒకటో తరగతి దసరా సెలవులలోపే ఉపాధ్యాయుడికి తెలుస్తుంది. ఆ అరగంట ఉపాధ్యాయుడికి దొరికేలా చూడటం ప్రభుత్వం పని. దానిని ముందుగా ఇంట్లో పుస్తకం లేని బిడ్డకు ఇవ్వడం బడి పని.